అమ్మ ఎంచిన పాత పోలీసు రివాల్వర్

తుపాకీ కొనడానికి మా అమ్మ పట్టుచీర కట్టుకుని బయలుదేరింది.

నాన్న హుగ్లీ ఒడ్డున షాలిమార్ గూడ్సు యార్డులో ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. శనివారం శనివారం బ్యాంకు నుంచి కూలీల జీతాల సంచి తెచ్చే పని ఆయనదే. ఒకసారి ఎవరో స్కూటరు మీద వచ్చి సంచి లాగబోయారు. నాన్న వదల్లేదు. సంచితో పాటు ఆయన్నీ రోడ్డు మీద కొంతదూరం ఈడ్చుకుపోయారు. మోకాళ్లు చెక్కుకుపోయాయి గానీ సంచి దక్కింది. దాంతో కాంట్రాక్టరే పూనుకుని ఆయన పేరున రివాల్వర్ లైసెన్సు తెప్పించాడు. కొత్తది కొనే మాట మాత్రం ఎత్తలేదు. నది అవతల ధర్మతలా వైపు ఒక తుపాకుల కొట్టులో పోలీసులు వాడి మార్చేసిన పాతవి దొరుకుతాయని, వాటిలో ఒకటి చూసుకోమని పంపాడు.

"నానూ వస్తాను," అంది అమ్మ. "వంకాయలు తెమ్మంటే పుచ్చులు తెస్తారు మీరు. తుపాకీ ఏటి సూసి తెస్తారు?"

కొట్లో కాగితాలు చదవడానికి కాలేజీలో కొత్తగా చేరిన నన్ను కూడా రమ్మన్నారు. రమ్మనకపోయినా వెనక పరిగెత్తేదాన్నే.

అప్పటికి రెండో హుగ్లీ వంతెన ఇంకా పూర్తి కాలేదు. లాంచీలో నది దాటాం. నోరు విప్పొద్దని నాన్న ముందే మాతో ఒట్టేయించుకున్నాడు. పక్కనున్న బెంగాలీ ఆవిడ ఎక్కడికని అడగ్గానే అమ్మ పట్టుచీర సర్దుకుని, "బొందూక్ కింతే," అంది. తుపాకీ కొనడానికని. ఆవిడ తన బుట్ట తీసుకుని బల్ల చివరికి జరిగిపోయింది. నాకు నవ్వు ఆగలేదు.

కొట్టు యజమాని ధోవతి కట్టుకున్న పెద్దాయన. నాన్న లైసెన్సు తిరగేసి చూసి, ఆకుపచ్చ గుడ్డ మీద మూడు రివాల్వర్లు పరిచి, ఒక్కొక్కటీ తెరిచి ఖాళీ అని చూపించాడు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అమ్మ మాత్రం మొదటిది ఎత్తి వేలి కణుపుతో తట్టింది. తరవాత వాసన చూసింది.

"బౌదీ, అది ఇలిష్ చేప కాదు," అన్నాడాయన అమ్మతో వదిన వరస కలిపి.

"తుప్పు వాసనొస్తంది దాదా," అని అమ్మ దాన్ని పక్కన పెట్టేసింది. రెండోది నాన్న చేతికి పెద్దదైంది. మూడోదానికి పిడి అంచున చిన్న పెచ్చు ఊడి ఉంది. కానీ నాన్న పట్టుకోగానే చేతిలో ఒదిగిపోయింది. ఆయన ముఖం వెలిగింది. అంతలో అమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఇది ఎవల్నయినా సంపిందా, దాదా?"

విప్లవమంటూ తిరిగిన కుర్రాళ్ల మీద వీధుల్లో పోలీసు తుపాకులు మోగిన ఏళ్లు ఆ నగరం ఇంకా మరిచిపోలేదు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అబద్ధం చెప్పను బౌదీ. నాకు తెలియదు," అన్నాడు.

నాన్న దాన్ని చేతిలోంచి దించలేదు. చివరికి ఆ చేతిని చూసే అమ్మ ఒప్పుకుంది.

వెనక గదిలో ఇసుక నింపిన పీపా ఉంది. పేల్చి చూసుకోమన్నాడు పెద్దాయన. నాన్న గురిపెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని నొక్కాడు. గది దద్దరిల్లింది. గోడ సున్నం మా నెత్తిన రాలింది. "పేలింది! ఒలమ్మా, పేలిపోయింది!" అని అరిచాడు నాన్న. చెవులు గింగురుమంటుంటే మాకెవరికీ ఏమీ వినిపించలేదు. ధర్మతలా ఫుట్‌పాత్ మీద సున్నం తలలతో ముగ్గురం ఒకరి మీద ఒకరం అరుచుకుంటూ నడిచాం.

"టీ తాగుదుమా?" అంది అమ్మ.

"ఏటీ?" అన్నాడు నాన్న.

"టీ!"

"పేలింది కదే!"

నవ్వి నవ్వి నేను దీపస్తంభం పట్టుకుని నిలబడిపోయాను.

ఆ సాయంత్రమే మా ఠాణాలో నమోదు చేయించడానికి వెళ్లాం. అక్కడి అధికారి బొద్దు మనిషి. రివాల్వర్ అటూ ఇటూ తిప్పి, పిడి మీద పెచ్చు చూసి కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఇది నాది!"

నాన్న గబగబా జేబులు తడుముకున్నాడు. "దొంగసొత్తు కాదు బాబూ, కొట్టు రసీదుంది!"

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. వేరే ఊళ్లో పనిచేసినప్పుడు ఏళ్ల తరబడి తన నడుముకున్నది అదేనట. ఒక జేబుదొంగను తరుముతూ మిఠాయి కొట్టు ముందు జారిపడ్డాడట. రివాల్వర్ ఎగిరి ఇనప పొయ్యి అంచుకు తగిలి, రసగుల్లాల పాకంలో మునిగింది. మిఠాయివాడు గరిటెతో దాన్ని తోడుతుంటే దొంగ నిలబడి పడీపడీ నవ్వాడు. అలా నవ్వుతూనే దొరికిపోయాడు.

అమ్మ అదే ప్రశ్న ఆయన్నీ అడిగింది. ఆయన కూర్చున్నాడు.

"నా దగ్గరున్నన్నాళ్లూ మనిషి మీద పేలలేదు బౌదీ. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు."

అమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆయన టీలు తెప్పించాడు.

నాన్న దాన్ని మళ్లీ పేల్చలేదు. వదులు చొక్కా కింద అది ఉందని ఆయనకి తెలుసు, పేటలో అందరికీ తెలుసు. ఇక సంచి జోలికి ఎవరూ రాలేదు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పగించాలి. ఇంటింటా ఎర్రజెండాలు కడుతుంటే నాన్న తలదువ్వుకుని బయలుదేరేవాడు. అమ్మ గారెల డబ్బా చేతికిచ్చేది. అధికారీ నాన్నా గారెలు తింటూ, ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన ఎన్నికల గురించి గంటల తరబడి వాదించుకునేవారు. నాన్న ఇంటికొచ్చి, "ఈపాలి నానే గెలిసినాను," అనేవాడు.