రెండు కొబ్బరి చెట్ల నడుమ ఇనప గొట్టం

నా భార్య పోయి ఇరవై మూడు రోజులైంది. ఒక మంగళవారం ఉదయం పెరట్లో మొక్కలకు నీళ్లు పోస్తూ తల పట్టుకుని కూర్చుంది. తలలో నరం చిట్లిందని తరవాత చెప్పారు. శ్రీకాకుళం తీసుకెళ్తుంటే టెక్కలి దాటేసరికే అంతా అయిపోయింది. వయసు అరవై ఒకటి.

పదో రోజు భోజనాల దగ్గర మా చుట్టాల్లో ఒక పెద్దాయన విస్తరి ముందు కూర్చుని అడిగాడు. "అన్ని కసరత్తులు సేసినాది గదా, ఏటి లాభం?" ఆయనకు చెడ్డ ఉద్దేశం లేదు. అక్కడ చాలామంది మనసులో ఉన్న మాటే పైకి అన్నాడు. నేను ఆయనకు పప్పు వెయ్యమని వడ్డించేవాళ్లకు చెప్పి పక్కకు వెళ్లిపోయాను. ఆయనకు జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ఆమె నా మేనమామ కూతురు. చివరిదాకా నన్ను బావా అనే పిలిచింది. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. పెళ్లికి ముందే పలాసలో జీడి ఫ్యాక్టరీలో చేరింది, పెళ్లయ్యాకా మానలేదు. నేను టెక్కలిలో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. నా జీతం చాలుతుంది, మానెయ్యమని ఒకసారి అన్నాను. "ముందు నువ్వు మానీ. ఎనకాల నానూ మానేత్తాను" అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కాల్చిన జీడి గింజ కొట్టేటప్పుడు పెంకులోంచి నూనె చిమ్ముతుంది. అది తగిలితే చర్మం పొక్కిపోతుంది. అందుకని పనికి కూర్చునే ముందు ఆడవాళ్లు చేతులకు ఆముదమైనా రాసుకుంటారు, బూడిదైనా పూసుకుంటారు. మా ఆవిడది ఆముదం అలవాటు. ముప్పై ఏళ్లు ఆ చేతులు రోజూ ఆముదం రాసుకున్నాకే పనిలోకి దిగాయి.

ఆమెకు యాభై నాలుగేళ్లప్పుడు ఒక పెళ్లికని పూండి స్టేషన్‌లో పాసింజరు ఎక్కబోయాం. అక్కడ ప్లాట్‌ఫారం పల్లం, బండి మెట్టు ఎత్తు. ఆగేది ఒక్క నిమిషం. సంచీ పట్టుకుని ముందు నేనెక్కాను. ఆమె రెండు కడ్డీలూ పట్టుకుని మెట్టు మీద ఒక కాలు పెట్టింది. ఒళ్లు పైకి రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. రాలేదు. బండి కదిలింది. నేను లోపల, ఆమె కింద.

తరవాతి స్టేషను నౌపడలో దిగి, ఆటో పట్టుకుని వెనక్కి వచ్చాను. సిమెంటు బెంచీ మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటోంది. దెబ్బ తగిలిందా అని అడిగాను.

"నేదు. నా ఒళ్లు నానెత్తుకోనేకపోనాను బావా."

పెళ్లికి వెళ్లలేదు. ఇంటిదారి పట్టాం. ఇల్లు కనపడ్డాక అంది. "ముప్పై ఏళ్లు గింజల బస్తాలు మోసినాను. నన్ను నాను మొయ్యనేకపోడవేటి?"

ఆ వారంలోనే ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎవరో అమ్మాయి ఒక కడ్డీకి వేలాడి, గడ్డం కడ్డీ పైకి వచ్చేదాకా ఒంటిని లాక్కుంటోంది. దాన్ని పుల్ అప్ అంటారని చెప్పాను.

"పేరేదైతేనేటి. ఇది నాకు గావాల. రెండేళ్లలో ఒకటి. అరవై నిండేసరికి పది."

నేను కాగితం తీసుకున్నాను. బరువు అరవై ఎనిమిది కిలోలు. బాణం గుర్తులు వేసి, ఏ కండరం మీద ఎంత బలం పడుతుందో చూపించి, ఈ వయసులో ఈ పని జరగదని తేల్చాను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన అలవాటు. ఆమె అంతా విని, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న స్టూలు కాలి కింద పెట్టి గుడ్డతో కట్టింది.

"నువ్వు లెక్క సూసుకో. నాను పని సూసుకుంటాను."

అంతకుముందు వచ్చిన తుఫాను మా కొబ్బరి తోటలో చెట్లన్నీ పడగొట్టి ఏడు మిగిల్చింది. వాటిలో రెండు ఇంటి వెనక పక్కపక్కన ఉన్నాయి. వాటి నడుమ ఒక ఇనప గొట్టం పెట్టి కొబ్బరి తాడుతో కట్టించింది. మొదటి రోజు స్టూలెక్కి, గొట్టం పట్టుకుని కాళ్లు వదిలింది. మరుక్షణం ఇసకలో కూర్చుని ఉంది.

నేను పరుగెత్తాను. ఆమె అరచేతులు చూసుకుంటోంది.

"ఆముదం రాసీసినాను బావా."

బలమైన పని అనగానే ఆ చేతులు వాటంతటవే సీసా దగ్గరికి వెళ్లాయి. ఇద్దరం ఆ ఇసకలోనే కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. మర్నాడు పొయ్యిలో బూడిద జల్లించి పాలపొడి డబ్బాలో పోసి చెట్టు మొదట్లో పెట్టింది. బూడిద చేతులు జారలేదు. జిమ్నాస్టిక్సువాళ్లు చేతులకు తెల్ల పొడి పూసుకోవడం తరవాత ఎప్పుడో టీవీలో చూసి, పిలిచి చూపించాను. "ఆల ఇళ్లల్లో కట్టెల పొయ్యి ఉండదు గావాల" అంది.

గొంతుక్కూర్చుని లేవడం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఫ్యాక్టరీ నేర్పింది. దండీలు మాత్రం మొదట గోడకు చేతులు ఆనించి తీసింది, తరవాత అరుగుకు, ఆరు నెలలకు నేల మీద. గొట్టానికి వేలాడడం పది ఊపిరులతో మొదలై అరవై దాకా వెళ్లింది. పైకి లేవడం మాత్రం జానెడు కూడా రాలేదు. మా కాలేజీలో వ్యాయామం నేర్పిన మాస్టారిని ఫోన్లో అడిగితే, స్టూలు మీంచి పై దాకా వెళ్లి అక్కణ్ణించి మెల్లగా దిగమనండి అన్నాడు. అప్పటినుంచి రోజూ అలా దిగింది. చేతులు వణుకుతుంటే, పళ్లు బిగించి, అంగుళం అంగుళం దిగింది. "దిగడం ఒచ్చినాక ఎక్కడం అదే ఒత్తాది" అనేది. ఆ మాట ఆమె సొంతం. నేనింకెక్కడా వినలేదు.

ఆదివారాలు ఫ్యాక్టరీ ఆడవాళ్లు వచ్చి చుట్టూ కూర్చునేవారు.

"అప్పా, గబ్బిలం నాగ ఏలాడతన్నావు" అని చెల్లెలి చనువుతో ఒకామె.

"నువ్వూ రాయే, జతగా ఏలాడదుం."

అలా అన్నామె వచ్చి వేలాడి, ఐదు ఊపిరులకే దిగిపోయింది. ఆ తరవాత ఎవరూ గబ్బిలం అనలేదు.

రెండేళ్లు దాటిపోయాయి. ఒక్కటీ కాలేదు. ఇక ఆపేస్తుందని అనుకున్నాను. ఆ మాట అనలేక, గడువైపోయింది కదా అన్నాను. "గడువెట్టింది నానే గదా. నానే పెంచీసుకుంటాను" అంది. మర్నాడు మామూలు వేళకే బూడిద డబ్బా మూత చప్పుడు వినపడింది.

ఒక ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు నేను అరుగు మీద పేపరు చదువుతున్నాను. "బావా, కాయితం దించు" అని పిలిచింది. దించాను. లేచింది. మోచేతులు వంగాయి, మెడ నరాలు ఉబ్బాయి, ముఖం గొట్టం దాకా వచ్చింది. "అయిపోనాది, అయిపోనాది" అని ఆడవాళ్లందరూ లేచి నిలబడ్డారు.

"గడ్డం దాటలేదు. వేలెడు తక్కువ" అన్నాను.

అందరూ నా మీద పడ్డారు.

"మాస్టారూ, మీ కళ్లద్దాలు మార్సాల."

"పిల్లలకీ ఇలాగే మార్కులు కోసీసినారు గావాల. పాపం ఆలు."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. "బావ సెప్పింది నిజవే. దాటనేదు. నాకు తెలిసిపోనాది" అంది. ఆ ఒక్కసారికి దాటింది అనేస్తే ఏం పోయేదని నేను చాలాసార్లు అనుకున్నాను. అనకపోవడమే మంచిదైంది.

పదకొండు రోజుల తరవాత, ఉదయం. ఆడవాళ్లెవరూ లేరు. "కళ్లద్దాలెట్టుకుని రా" అని కేకేసింది. నన్ను గొట్టానికి అటుపక్క స్టూలెక్కించింది. నా కళ్లు సరిగ్గా గొట్టం ఎత్తుకు వచ్చాయి. దాని కాలి కింద నా లెక్కల కాగితం ఇంకా ఉంది కాబట్టి స్టూలు ఊగలేదు.

ముందు, గెంతి గొట్టం పట్టుకున్న బూడిద చేతులు రెండూ కనిపించాయి. తరవాత నెరిసిన పాపిట, నుదుటి బొట్టు, కళ్లు, ముక్కు. తరవాత గడ్డం. అంత దగ్గరగా ఆమె ముఖం చూసి ఎన్నాళ్లయిందో. అక్కడే ఆగింది.

"దాటినాదా?" అని పైనుంచే అడిగింది.

"దాటింది."

"ఎంత?"

"రెండు వేళ్లు."

అప్పుడు దిగింది. చేతులు వదిలేసి దూకలేదు. ఎప్పటిలాగే మెల్లగా దిగింది.

అరవై నిండిన నెలలో పది చేసింది. ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఊరంతా వినపడేలా లెక్కపెట్టారు. ఎనిమిది దగ్గర ఆగి, వేలాడుతూనే ఊపిరి పీల్చుకుంది. తొమ్మిది. పదోదానికి నేనే గట్టిగా లెక్కపెట్టాను.

పోయిన చలికాలం రావివలస గుడికి బయల్దేరి పూండిలో అదే పాసింజరు దగ్గర నిలబడ్డాం. ఆమె కడ్డీలు పట్టుకుని ఒక్క ఊపులో ఎక్కింది. ఈసారి నా మోకాళ్లు సహకరించలేదు. చెయ్యి చాపింది. పట్టుకున్నాను. ఏం జరిగిందో తెలిసేలోగా నేను బండిలో ఉన్నాను.

"ఎన్ని కిలోలు బావా?"

"డెబ్బై రెండు."

"కాయితం మీద రాసుకో" అని కిటికీ దగ్గర కూర్చుంది. నౌపడలో దిగేదాకా నవ్వుతూనే ఉంది.

పెద్దాయన అడిగిన లాభం ఇదే. ఎక్కువ కాలం బతకాలని ఆమె ఏ రోజూ అనలేదు. తన ఒళ్లు తను ఎత్తుకోవాలి అంది. ఎత్తుకుంది. పూండిలో బండి తప్పిన తరవాత ఆమెను ఇంకొకరు ఎత్తవలసి వచ్చింది ఆ ఒక్క మంగళవారమే. నలుగురం ఎత్తాం. ఒక పక్క నేను పట్టాను.

ఆడవాళ్లు ఇప్పటికీ ఆదివారాలు వస్తున్నారు. గబ్బిలం అన్నామె మూడు చేస్తోంది. గడ్డం దాటిందో లేదో చూడ్డానికి నన్ను స్టూలెక్కిస్తున్నారు. దాటకపోతే దాటలేదనే చెప్తున్నాను.

నిన్న ఎవరూ లేనప్పుడు డబ్బా మూత తీశాను. బూడిద సగానికి ఉంది. చేతులకు పూసుకుని గొట్టం కిందికి వెళ్లాను. సముద్రపు గాలికి గొట్టమంతా తుప్పు పట్టింది. రెండు చోట్ల మాత్రం, ఒక్కొక్క చెయ్యి వెడల్పున, తళతళలాడుతోంది. నేను అక్కడే పట్టుకున్నాను. నా భుజాలకు ఆ దూరం కొంచెం ఇరుకు. అయినా చేతులు జరపలేదు. కాళ్లు ఇసక మీంచి లేచాయి. గాలికి చెట్లు రెండూ కొద్దిగా ఊగాయి. ఏడు ఊపిరుల దాకా లెక్కపెట్టి, మెల్లగా దిగాను.