ఆషాఢమాసం సైకిలు సవారీ

జీడిమెట్లలో మేం పనిచేసే షెడ్డుకు శనివారం కరెంటు సెలవు, ఆదివారం మామూలు సెలవు. తొంభైల్లో ఆ రెండు రోజులూ నేను చేసిన పని సైకిలు తొక్కడం ఒక్కటే. బడీ నేనూ ఏడో తరగతిలోనే గొడవ లేకుండా విడిపోయాం కాబట్టి, భూగోళం కొంచెం బాకీ ఉండిపోయింది. దాన్ని సీటు మీద కూర్చుని చదువుకున్నాను.

గాజులరామారంలో పొద్దు పొడవక ముందే బయల్దేరితే, కొంపల్లి దాటాక మందుల కంపెనీల వాసన ముక్కును వదిలేది. మేడ్చల్‌లో రైలు గేటు పడి ఉంటే అందరూ తిట్టుకునేవాళ్లు, నేను చాయ్ తాగేవాణ్ణి. అక్కడ శామీర్‌పేట వైపు తిరిగితే ద్రాక్ష తోటలు, వాటి మధ్య ఎవరో పోగేసి మరిచిపోయినట్టు పెద్ద పెద్ద రాతిగుండ్లు. ఎత్తు ఎక్కేటప్పుడు మనిషికి మాట ఉండదు. దిగేటప్పుడు కాళ్లు ఆపేసి కూర్చుంటే వెనక చక్రమే టికటికమని మాట్లాడుతుంది. చివరికి శామీర్‌పేట చెరువు కట్ట, ఒక జొన్నరొట్టె, మళ్లీ వెనక్కి. అంతదూరం ఎందుకు పోతావని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. అందుకే బాగుండేదేమో.

ఒక ఆషాఢంలో, నా పక్క మిషను మీద పనిచేసే దోస్తు తానూ వస్తానన్నాడు. బీడీ కట్టకు కూడా ఆటో ఎక్కే మనిషి. నాకు అనుమానం వచ్చింది కానీ, నవ్వుకోవడానికి పనికొస్తాడని సరేనన్నాను. మేడ్చల్ దాకా ఆయాసపడుతూ నా వెనకే వచ్చాడు. మలుపు తిరిగాక నన్ను దాటేశాడు. అప్పుడడిగితే బయటపెట్టాడు. వాడి అత్తగారి ఊరు ఆ దారిలోనే ఉంది.

వాడికి పెళ్లయి రెండు నెలలు. ఆషాఢం రాగానే కొత్త కోడలిని పుట్టింటికి తీసుకుపోయారు. ఆ నెలంతా అత్తా అల్లుడూ ఒక గడప దాటకూడదు. అల్లుడు ఆ ఇంట్లో అడుగు పెట్టకూడదు. అందరికీ ఉన్న పద్ధతే, వాడు కూడా ఊరుకునేవాడు. కాకపోతే ఆమె జ్వరంతోనే పుట్టింటికి వెళ్లింది.

“పోయేనాడు ఒళ్లు కాలుతుండె. ఇప్పుడు ఎట్లున్నదో చెప్పెటోడు ఒక్కడు లేడు,” అన్నాడు.

ఆషాఢం కదా, ఎట్లా పోతావన్నాను.

“అడుగు వెట్టొద్దన్నరు. సైకిల్ తొక్కొద్దని ఎవలన్న అన్నరా?”

రాత్రంతా నిద్ర మానుకుని తయారు చేసుకున్న వాదన. నేను ఒప్పుకున్నాను.

ఊళ్లోకి పోయాక వాడు నిజంగానే కాలు కింద పెట్టలేదు. అత్తగారి ఇంటి ముందు నుంచి బోరింగు దాకా పోయి, తిరిగి, మళ్లీ ఇంటి ముందుకు. గంట కొట్టుకుంటూ అదే పని. మేకలు పక్కకు జరిగి దారిచ్చాయి. అరుగు మీది ముసలాయన, ఆ పిల్లగాడు ఏమన్నా అమ్ముతున్నాడా అని నన్ను అడిగాడు. బ్రేకులు పోయినయ్ తాతా, ఆగుతలేదు అని చెప్పాను. పాపం అన్నాడు.

గంట మోతకు అత్త బయటికొచ్చింది. అల్లుణ్ణి చూసింది, కొంగు తల మీదికి లాక్కుని గోడ వైపు తిరిగింది. కాసేపటికి నా వైపు తిరిగింది.

“నువ్వెవలో గని బిడ్డా, మా అల్లునివైతే గాదు. దిగు, ఇంత బువ్వ తిని పో.”

దిగాను. పద్ధతికీ అన్నానికీ మధ్య అడ్డం నిలబడే అలవాటు నాకు లేదు. పప్పూ పచ్చిపులుసూ పెట్టింది. నేను ముద్ద కలిపే లోపల వాకిలి ముందు నుంచి సైకిలు ఇటు ఒకసారి, అటు ఒకసారి పోయింది. అంతలో లోపలి గది నుంచి వాడి పెళ్లాం బిందె తీసుకుని బోరింగుకు నడిచింది. చిక్కిపోయి ఉంది కానీ తన కాళ్ల మీద తానే నడుస్తోంది. వాడు బోరింగు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ముద్ద చేతిలో పట్టుకుని నేను గడప దగ్గరికి జరిగాను. అన్నం కంటే అదే బాగుంది.

“జొరం?” అన్నాడు వాడు. ఆమె జవాబు కోసం ఇంకో చుట్టు తిరిగి రావలసి వచ్చింది.

“తగ్గింది.” మళ్లీ ఒక చుట్టు. “మీరు తిన్నరా?”

“మా దోస్తు తింటుండు.”

ఆమె నవ్వింది. బిందె నిండి పొర్లినా పంపు కొడుతూనే ఉంది. పొద్దుటి నుంచి హ్యాండిలును పీకేసేలా పట్టుకున్నవాడు అప్పుడు ఒక చెయ్యి వదిలి మొహం తుడుచుకున్నాడు.

చేతులు కడుక్కుంటుంటే అత్త నా దగ్గరికొచ్చి మెల్లగా అంది. “వచ్చే ఐతారం గూడ రా కొడుకా. ఒక్కనివి రాకు, తొవ్వల తోడుండాలె.”

ఊరు దాటాక వాడు సైకిలు దిగి గట్టు మీద కూలబడ్డాడు. మా అత్త ఏమన్నదని అడిగాడు. పచ్చిపులుసు ఎట్లా చేస్తారో చెప్పిందన్నాను. చెరువు కట్ట మీద మళ్లీ అడిగాడు. ఉల్లిగడ్డ పచ్చిదే వెయ్యాలంట అన్నాను. మూడోసారి అడగలేదు. అప్పుడు చెప్పేశాను.

ఆ నెలలో మిగిలిన ఆదివారాలన్నీ ఇద్దరం అదే దారి పట్టాం. ఆ ఊరి దాకా ఇద్దరం. చెరువు దాకా నేనొక్కణ్ణే.