నీళ్లలో నిలిచిన ఎరుపు

మా పెద్దమ్మ పోయింది. పోయిన నెల ఒకరోజు పొద్దున్నే గద్వాల నుంచి ఆమె కొడుకు, మా అన్న వచ్చాడు. కాళ్లకు నీళ్లిస్తే కడుక్కోలేదు. చెంబు చేతిలో పట్టుకుని గడప బయటే నిలబడ్డాడు.

"అమ్మ పోయింది చెల్లె," అన్నాడు.

"ఏం జేస్తుండె?" అని అడిగాను.

ఎవరైనా పోయారంటే ఎట్లా పోయారని అడుగుతారు గానీ, ఏం చేస్తుండగా పోయారని అడుగుతారా! కానీ మా పెద్దమ్మను ఎరిగినవాళ్ల నోటికి ముందు ఆ మాటే వస్తుంది. మా అన్నకు కూడా అది వింతగా తోచలేదు.

"దసరా తోరణం కడుతుండె. సగం అయింది. సూది గూడ దాంట్లనే ఉంది," అన్నాడు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

పెద్దమ్మ అంటే మా నాయన వాళ్ల అన్న భార్య. గద్వాలలో మా రెండు కుటుంబాలకూ ఒకటే వాకిలి. ఒక పక్క మా నాయన మగ్గం, ఇంకో పక్క పెద్దనాయన రంగుల పొయ్యి. మా వీధిలో నేసేవి నూలు చీరలు, అంచూ కొంగూ మాత్రం పట్టు. ఆ పట్టుకు రంగు వేసేది పెద్దనాయన. నేను పెళ్లయి కొత్తకోటకు వచ్చి చాలా ఏండ్లయింది. ఇక్కడ కూడా మగ్గం చప్పుడే. అయినా పండుగ దగ్గరికి వస్తుందంటే నా ప్రాణం ఆ వాకిట్లోకే పోతుంది.

మగ్గం మీద చీర అయిపోయి కోసినప్పుడు చివర జానెడు జానెడు పోగులు మిగిలిపోతాయి. అంచు పట్టులో కూడా తుంచిన ముక్కలు పడుతుంటాయి. నేతకు అవి దేనికీ రావు. వీధిలో ప్రతి ఇంట్లోనూ మగ్గం పక్కన ఒక చిన్న వెదురుబుట్ట, గుల్ల అంటాం, ఉండేది, అందులో వేసినవన్నీ మా పెద్దమ్మవి. ఎవరైనా మరిచిపోయి ఊడ్చి పారేశారో, ఆ ఇంటికి పండుగ దాకా తిట్లే. "గవి చెత్త గాదే, పూలు! పూలను ఊడుస్తవా నువ్వు?" అనేది.

పూలు ఎట్లా అయ్యేవో చెప్తాను, మీరు కూడా చేసుకోవచ్చు. చూపుడువేలూ నడిమివేలూ కలిపి వాటికి పోగు చుట్టాలి. వేళ్లు కనబడనంత దిట్టంగా చుట్టాక మెల్లగా జార్చి, నడుమ బిగించి ముడి వెయ్యాలి. రెండు పక్కలా కత్తిరించి అరచేతుల మధ్య ఒక్కసారి నలిపితే బంతిపువ్వు. తోరణానికి చిలుక కూడా కావాలంటే జొన్నదంటు. పైతొక్క చీరితే లోపల మెత్తటి బెండు ఉంటుంది కదా, దాన్ని చిలుకలాగా కోసి, ఆకుపచ్చ పోగు చుట్టి, కంటికి గురిగింజ పెట్టేది. అంటించడానికి చింతగింజల జిగురు. అన్నీ ఇంట్లో ఉన్నవే, లేకపోతే పెరట్లో ఉన్నవే.

మొదటిసారి నా కళ్లముందు ఆ బంతి విచ్చుకున్నప్పుడు నేను నోరు తెరిచి చూశాను. "గింతేనా పెద్దమ్మా?" అన్నాను.

"గింతే బిడ్డా, ఇంకేం లేదు," అంది.

ఇప్పటికి ఎన్ని వందల బంతులు చుట్టానో. ఒక్కటి కూడా ఆమె చేతిలోనిలాగా విచ్చుకోలేదు. మా అత్త మా తోరణం చూసి "బాగనే ఉంది తియ్" అంటుంది. ఆమె అట్లా అన్నప్పుడల్లా నాకు మా పెద్దమ్మ గుర్తొస్తుంది, అత్త మీద కోపం కూడా వస్తుంది.

కానుక ఇచ్చే పద్ధతి కూడా ఆమెదే. ఎవరింటి పిల్లకు ఏదైనా చేసిస్తే ఆ ఇంటి మగ్గం పోగులే వాడేది. అత్తవారింటికి పోయే పిల్లకు తల్లిగారింటి పోగులతో ఒక బంతి చేసి కొంగుకు ముడివేసి పంపేది. నాకు కట్టిన బంతిలో మా నాయన నేసిన చీరల ఎరుపూ, తెలుపూ ఉన్నాయి. మా నాయన పోయాక ఎన్నిసార్లు పెట్టె తీసి దాన్ని చెంపకు ఆనించుకున్నానో నాకే తెలుసు. పీర్ల పండుగ వస్తే వెనక వీధి సాయబుల ఇంటి ఖాలా వచ్చి పీరుకు కుచ్చులు అడిగేది. ఖాలా ఇంట్లో మగ్గం లేదు. అందుకని పెద్దమ్మ ఖాలా పాత ఓణీ అంచు నుంచి నాలుగు పోగులు లాగి మరీ వాటిలో కలిపేది. ఆ కుచ్చుల్లో ఖాలా పోగులు ఏవో ఖాలా ఒక్కతికే తెలిసేది. చూసి కండ్లు తుడుచుకునేది.

ఒక్క విషయంలో మాత్రం పెద్దమ్మ రాయి. రంగు జారే పోగు కానుకలోకి రాకూడదు. ప్రతి పోగునూ నోట్లో పెట్టి, తడిపి, తెల్లగుడ్డకు రుద్ది చూసేది. గుడ్డకు మరక అంటిందా, ఆ పోగు పొయ్యిలోకే. "తడిస్తే పోయేది ఎవ్వరికీ ఇయ్యొద్దు బిడ్డా," అనేది. మాట్లాడుతున్నా, వంట చేస్తున్నా ఆమె పెదవుల మధ్య ఏదో ఒక పోగు వేలాడుతూనే ఉండేది. మేం పిల్లలం ఆమె వెనక నోట్లో దారాలు పెట్టుకుని నడిచి వెక్కిరించేవాళ్లం.

నేను చెప్పదలచుకున్నది లడాయికి, అదే ఆ పెద్ద యుద్ధానికి, ముందరి మాట. ఆ ఏడు వానల్లేవు. శ్రావణంలోనే పెద్దనాయనకు కుడిపక్క పడిపోయింది. చెయ్యి లేవదు, మాట రాదు. దవాఖానకు తీసుకుపోయారు, మందులిచ్చారు, మంచం మీదికే తెచ్చారు. వీధిలో పట్టంతా తెల్లగా ఎదురుచూస్తూ కూర్చుంది.

పెద్దమ్మ రెండో రోజే పొయ్యి వెలిగించింది. ఎరుపుకు లక్క దంచింది, పటిక కలిపింది, చింతపండు పులుసు పోసింది. ఆయన పక్కన ఇన్నేండ్లు ఆమె చేసిన పనే అది. కానీ పట్టు ఎవరూ తేలేదు. మూడో రోజు వీధిపెద్ద వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"చెల్లె, నీ మీద కోపం లేదు," అన్నాడు. "ఎరుపు ఆడమనిషి చేతికి నిలవదంటరు. మా నాయిన జెప్పిండు, ఆయన నాయిన జెప్పిండు. ఎరుపు జారి తెల్లనూలుకు అంటిందనుకో, చీర మొత్తం పాయె. నెలల కష్టం పాయె. ఎవరు భరిస్తరు జెప్పు?"

"గిన్నేండ్లు పొయ్యి కాడ ఎవరున్నరన్నా?" అంది పెద్దమ్మ.

"నువ్వే ఉన్నవు. చెయ్యి ఆయనది గద."

లోపల మంచం మీద పెద్దనాయన అంతా విన్నాడు. మాట రాక ఎడమచేత్తో మంచంపట్టె మీద దబదబ కొట్టాడు. ఆ చప్పుడుకు వీధిపెద్ద తల వంచుకున్నాడు గానీ మాట మార్చలేదు. ఆయన చెడ్డవాడు కాదు, అది కూడా చెప్పాలి. తడిస్తే అంచు రంగు ఒంట్లోకి పాకిన చీరను నేను చూశాను. నేసినవాని ముఖం కూడా చూశాను.

వీధి పట్టు వనపర్తిలో వేరే రంగులాయన దగ్గరికి పోయింది. పొయ్యి చల్లారింది. వీపనగండ్ల నుంచి పెద్దమ్మ తమ్ముడు కబురు పెట్టాడు, వచ్చెయ్యండి, ఇక్కడ కూలో నాలో దొరుకుతుందని. బతుకమ్మ పండుగ కాగానే పోవాలని ఇంట్లో అనుకున్నారు. నేను వాకిట్లో తూము దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆమె లేని ఆ వాకిలి ఎట్లా ఉంటుందో ఎంత తలుచుకున్నా నాకు తోచలేదు.

పండుగ వచ్చింది. వానల్లేక బతుకమ్మ పేర్చడానికి గునుగు పువ్వు లేదు, బంతి లేదు. తంగేడు ఎక్కడో నాలుగు రెమ్మలు. ఆడవాళ్లందరూ పరేషాన్. అప్పుడు పెద్దమ్మ ఇన్నాళ్లూ దాచిన గుల్లలన్నీ బయటికి తీసింది. ఆ ముక్కల్లో రంగు వెయ్యని తెల్ల పట్టు కూడా ఉంది. ఎవరూ పట్టు ఇవ్వలేదు కదా, ఆమెకు ఉన్న పట్టంతా అదే. చల్లారిన పొయ్యి వెలిగించి, చిన్న కుండలో లక్క రంగు పోసి ఆ ముక్కలను ఉడికించింది. కుండలోంచి తీసిన ఎరుపును ఎండలో చూశాను. ఇప్పుడు కూడా కండ్లు మూసుకుంటే కనబడుతుంది.

జొన్నబెండ్లను వరుసలుగా పేర్చి కట్టి, వాటి మీద పోగు బంతులను గోపురంలాగా కుట్టసాగింది. ఒక వరుస ఎర్ర పట్టు, ఒక వరుస తెల్ల నూలు, మళ్లీ ఎరుపు, మళ్లీ తెలుపు. మా అమ్మ చూసి చూసి ఉండబట్టలేకపోయింది.

"అక్కా, నీళ్లల్ల ఇడుస్తం గద. తెల్లది పక్కన ఎర్రది పెడుతున్నవేందే?"

"పెడుతున్న," అంది పెద్దమ్మ.

"జారితే? వీధి వీధంతా సూస్తది."

"సూడనీ."

మా అమ్మ కూడా పక్కన కూర్చుంది. ఆమెతో కలిసి బంతులు చుట్టింది.

సద్దుల రోజు, అంటే పండుగ ఆఖరి రోజు, ఆ బతుకమ్మ మీద పసుపు గౌరమ్మను పెట్టి వాకిట్లో దించారు. నేను పుట్టినప్పటి నుంచి చూసిన ఏ బతుకమ్మా అట్లా లేదు. తక్కినవాళ్లవి వాడిన తంగేడు, ఆకులు. దాన్ని చూసి ఆడవాళ్లు ఆడటం మరిచిపోయి నిలబడ్డారు. ఒకామె "పోగుతో బతుకమ్మ ఏందమ్మా" అని గొణిగింది గానీ, ఆమె కూడా కన్ను మళ్లించలేదు. అందులో ప్రతి ఇంటి మగ్గం పోగూ ఉంది. చూసిన కొద్దీ ఎవరి నూలు వాళ్లు గుర్తుపట్టి, "గిది మాది, గిది మీది" అనుకున్నారు.

పొద్దు గూకక ముందే చెరువుకు పోయాం. నీళ్లు అడుగునకు పోయి ఉన్నాయి, చాలా దూరం బురదలో నడవాల్సి వచ్చింది. కట్ట మీద మగవాళ్లు నిలబడి ఉన్నారు. మామూలుగా ఆ వేళ వాళ్లు అంతమంది రారు. ఎందుకు వచ్చారో అందరికీ తెలుసు. పెద్దమ్మ మోకాళ్ల లోతుకు దిగి బతుకమ్మను నీళ్లలో వదిలింది.

జొన్నబెండ్లు కదా, తేలింది. మెల్లగా పోగులు తడిసి బరువెక్కి కింది వరుసలు మునిగాయి. నేను అమ్మ కొంగు పట్టుకుని ఆ కింది తెలుపునే చూస్తున్నాను. ఎరుపు ఇప్పుడు పాకుతుంది, ఇప్పుడు పాకుతుంది అనుకుంటున్నాను. చుట్టూ నీళ్లు నీళ్లలాగానే ఉన్నాయి. తెలుపు తెల్లగా ఉంది. ఎరుపు తడిసి ఇంకా ఎర్రబడింది.

అప్పుడు వీధిపెద్ద కట్ట దిగాడు. ఆడవాళ్ల మధ్య నుంచి, చెప్పులు కూడా విడవకుండా నడిచి, మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగాడు. వంగి చూశాడు. భుజం మీది తెల్ల రుమాలు తీసి, ఒక ఎర్ర బంతిని దాంట్లో పట్టి గట్టిగా పిండాడు. రుమాలు విప్పి చూసుకున్నాడు, తిప్పి చూసుకున్నాడు. ఆ రుమాలును కట్ట మీదివాళ్లకు కనబడేటట్టు రెండు చేతులతో పట్టి పైకెత్తాడు. మరక లేదు.

"చెల్లె, పొద్దుగాల మా ఇంటి పట్టు పంపుత," అన్నాడు.

"పట్టు సంగతి పొద్దుగాల జూద్దాం తియ్యన్నా. ముందు చెప్పులు బురదల వోయినయి, తీస్కో," అంది పెద్దమ్మ. ఆయన చేతిలో ప్రసాదం మలీద ముద్ద పెట్టింది. కట్ట మీద నవ్వులు. చెరువంతా నవ్వులు. మా అమ్మ మాత్రం నీళ్లలోనే కూలబడి ఏడ్చింది.

తిరిగి వస్తుంటే నేను అడిగాను, "పెద్దమ్మా, నీకు భయం గాలేదా?"

"ఎందుకు గాదు? నాలుక ఎండిపోయింది," అంది. "పోగు నోట్ల వెట్టుకుంటే తడి గూడ లేకపాయె."

పొయ్యి మళ్లీ చల్లారలేదు. వీపనగండ్ల ప్రయాణం ఆగిపోయింది. పెద్దనాయన బతికినన్నాళ్లు మంచం మీద నుంచి తల ఆడించి రంగు చాలునో చాలదో చెప్పేవాడు, ఆమె తనకు తెలియనట్టే అడిగేది. తరువాత లడాయి వచ్చింది, కంట్రోల్ నూలు వచ్చింది, మగ్గానికింత అని లెక్కగా ఇచ్చేవాళ్లు, గుల్లల్లో పోగులు జానెడు నుంచి బెత్తెడుకు తగ్గాయి. అప్పుడు కూడా ప్రతి పండుగకూ ప్రతి గుమ్మానికీ తోరణం వచ్చింది, పువ్వు చిన్నదైంది అంతే.

ఆమె పోయిన పదో రోజు కృష్ణ ఒడ్డుకు నేనూ పోయాను. నా పెట్టెలోని బంతిని కొంగుకు ముడివేసుకుని తీసుకుపోయాను, ఎరుపూ తెలుపూ కలిసినది. అస్థికలు కలిపాక దాన్ని ఒకసారి నోట్లో పెట్టి తడిపి, కట్టుకున్న తెల్ల చీరకు రుద్ది చూసుకున్నాను. అలవాటు, ఏం చేస్తాం. తరువాత నీళ్లలో వదిలాను.

వీధిపెద్ద కూడా వచ్చాడు. పండు ముసలి, చూపు సరిగా లేదు, మా అన్న రెక్క పట్టుకుని నడిపించాడు. బంతి తేలడం ఎట్లా చూశాడో, మా అన్న చెయ్యి విడిపించుకుని, చెప్పులతోనే, మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగి దాని మీదికి వంగాడు. ఎవరూ ఆపలేదు. ఆయన వంగి అట్లా చూస్తూనే ఉన్నాడు. ఎర్ర పోగులూ తెల్ల పోగులూ పక్కపక్కనే తడుస్తూ ఆయన మోకాళ్లను దాటి నడిమి ఏటిలోకి పోయాయి.