బావగారు అప్‌గ్రేడ్ చేసిన ఏడాది

ఈ ఉదయం కాఫీ కప్పు పక్కన పెట్టుకుని కంప్యూటర్ తెరిచేసరికి తెర నిండా ఒక శుభవార్త. నేను రోజూ వాడుకునే ఫొటోల ప్రోగ్రామును తయారుచేసే కంపెనీని ఇంకెవరో కొనుక్కున్నారట. ‘మీ అనుభవం ఇకపై మరింత మెరుగవుతుంది’ అని రాసి, పైనుంచి రంగు కాగితాలు రాలుతున్నట్టు బొమ్మ వేశారు. ఎవరో ఎవరినో కొనుక్కుంటే సంబరం నేనెందుకు చేసుకోవాలో అర్థం కాలేదు. కాఫీ తాగుతూ ఆ కాగితాలు రాలడం ఆగేదాకా చూశాను. అవి ఆగలేదు, కాఫీ మాత్రం చల్లారిపోయింది. మెరుగు అనే మాట వినగానే సంతోషపడే గుణం నాలో ఒకప్పుడు ఉండేది. దాన్ని పూర్తిగా వదిలించినవారు మా బావగారు.

బావగారంటే మా ఆయనకు అన్నగారు. గుడివాడలో కంప్యూటర్లు నేర్పే సెంటరు నడిపేవారు. ఇంటర్నెట్ మా వైపు వచ్చిన కొత్తలో వెబ్‌సైట్లు తయారుచేసే పని కూడా నెత్తికెత్తుకున్నారు. మచిలీపట్నం అని బస్సుల మీద రాసి, అందరం బందరు అని పిలుచుకునే మా ఊళ్లో, మా ఇంటి ముందుగదిలో దానికొక బ్రాంచి వెలిసింది. బ్రాంచి అంటే నేనూ, ఆపానూ. ఆపా మా వీధిలోనే ఉండేది. హైదరాబాద్‌లో బొమ్మలు గీయడం చదువుకుని వచ్చింది, నాకంటే కాస్త పెద్దది. వాళ్లింట్లో అక్కను ఆపా అంటారు కాబట్టి నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆమె నన్ను చెల్లీ అనేది. పేజీలు అమర్చడం నా పని, వాటిలో బొమ్మలు, రంగులు ఆమె పని, పార్టీలను పట్టుకురావడం బావగారి పని. ఎలాంటి పార్టీలనుకున్నారు! కోడూరులో రొయ్యల చెరువులున్న ఒకాయన, సైటు తెరవగానే రొయ్య ఎగిరి దూకాలన్నాడు. ఆపా దూకించింది. చూసి, ‘‘ఇది మన రొయ్యలా లేదండీ, నీరసంగా దూకుతోంది’’ అన్నాడు. మోపిదేవిలో యాత్రికులకు గదులిచ్చే ఒకావిడ తన లాడ్జి ఫొటోలో పక్కవాళ్ల లాడ్జిని చెరిపేయమంది. అలాంటి పనులు చేస్తూ, నవ్వుకుంటూ, కరెంటు పోయినప్పుడు వీధి అరుగు మీద కూర్చుని బందరు హల్వా తింటూ కాలం బాగానే గడిచింది.

బావగారిలో ఒక గొప్ప గుణం ఉండేది. నిజాయితీ. ఆ రోజుల్లో బజారులో ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా ఎవడో ఒకడు దొంగ కాపీ సీడీ చేతిలో పెట్టేవాడు. చుట్టుపక్కల ఊళ్లన్నీ దాంతోనే నడిచాయి. బావగారు మాత్రం ‘‘మనం దొంగ సరుకు ముట్టుకోవద్దమ్మాయ్’’ అని అసలు పెట్టెలే కొనేవారు. పేజీలు కట్టే ప్రోగ్రాము, బొమ్మలు కదిలించే ప్రోగ్రాము ఒక కంపెనీవి. ఫొటోలు దిద్దే ప్రోగ్రాము దానికి బద్ధ శత్రువైన ఇంకో కంపెనీది. ఒకదాని బొమ్మ ఇంకోదాంట్లోకి తీసుకెళ్లడం అంటే మాటల్లేని రెండు ఇళ్ల మధ్య పెళ్లికబురు మోసినట్టుండేది. అయినా మేం అలవాటు పడ్డాం. దేన్ని ఎక్కడ నొక్కితే అలగకుండా ఉంటుందో మాకు తెలుసు.

ఆ ఏడాది ఆపా ఒక పని తలకెత్తుకుంది. అది పార్టీల పని కాదు, తన సొంత పని. వాళ్ల నాన్నగారు కలంకారీ అద్దకం పనిలో పేరున్న మనిషి. నేను బాబాయిగారు అనేదాన్ని. కాలువ పక్కన వాళ్లకొక షెడ్డు ఉండేది. లోపలికి అడుగుపెడితే బట్టను నానబెట్టే కరక్కాయ వగరు వాసన, పాలు విరిగిన వాసన కలిసి ముక్కుకు తగిలేవి. అప్పటికే ఆర్డర్లు తగ్గిపోయాయి. బాబాయిగారికి చూపు మందగించింది. ఆపా అన్నగారు షెడ్డును రొయ్యల మేత గోడౌనుకు అద్దెకిచ్చేద్దామని పట్టుపట్టాడు. అదే సమయంలో హైదరాబాద్‌లో జరగబోయే చేతిపనుల ప్రదర్శనకు పనివాళ్లను ఎంపిక చేస్తున్నారని, ముందుగా వాళ్ల సైట్లు చూసి నిర్ణయిస్తారని తెలిసింది. అక్కడ చోటు దొరికితే షెడ్డు జోలికి రానని అన్నగారు ఒప్పుకున్నాడు. దొరకదని అతని నమ్మకం.

ఆపా ఆ వేసవి మొత్తం దానిమీదే కూర్చుంది. తెల్లబట్ట మీద నొక్కితే ముందు నల్లగీతలు పడతాయి. మళ్లీ నొక్కితే పటిక అచ్చు పడుతుంది, దానికి రంగుండదు. ఇంకోసారి నొక్కితే బట్ట ఉడికినట్టు ఆవిరి లేచి, ఆ పటిక పడిన చోటల్లా ఎరుపు తేలుతుంది. వాళ్ల నాన్నగారి అంచులు, నెమళ్లు, తీగలు అన్నీ ఇలా ఒక్కో పొరగా గీసి కదిలించింది. మొదటిసారి ఆ ఎరుపు తేలడం చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మంచి ఫైళ్లన్నీ గుడివాడలో బావగారి పెద్ద మెషిన్‌లో ఉండేవి. మా గదిలోని కంప్యూటర్ అంత బరువు మోయలేకపోయేది.

సరిగ్గా అప్పుడే ఆ శత్రు కంపెనీలు రెండూ ఒకటైపోయాయి. ఫొటోల ప్రోగ్రాము చేసే పెద్ద కంపెనీ చిన్నదాన్ని కొనేసింది. బావగారు ఫోన్ చేసి, ‘‘అమ్మాయ్, ఇహ మన కష్టాలు తీరినట్టే. రెండూ ఒకే ఇంట్లో కాపురం’’ అన్నారు. ఆ గొంతులో సంతోషం చూస్తే సంబంధం ఆయనే కుదిర్చారేమో అనిపించింది. కొన్నాళ్లకు రెండు కంపెనీల సరుకూ కలిపి ఒకే పెట్టెగా బజారులోకి వచ్చింది. మాకు కావలసినవి రెండు మూడు. పెట్టెలో ఉన్నవి బోలెడు. సినిమాలు ఎడిట్ చేసేదొకటి, పుస్తకాలు అచ్చు వేసేదొకటి, ఎందుకో ఈనాటికీ నాకు తెలియనిది ఇంకొకటి. విడిగా ఇవ్వరు. పాత పెట్టె ఉన్నవాళ్లకు మాత్రం తగ్గింపు. పాతవి రెండూ నిజాయితీగా కొన్న బావగారు ఆ తగ్గింపును తన నిజాయితీకి దక్కిన గౌరవంగా భావించి, మాకు చెప్పకుండా కొనేశారు.

ఆ పెట్టె లోపలికి పోవాలంటే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కావాలంది. అది వేస్తే మెమరీ చాలదంది. మెమరీ పెంచితే స్కానర్‌ను చూసి నువ్వెవరంది. బావగారు దేనికీ వెనుదీయలేదు. చివరికి అన్నీ ఒక కొలిక్కి వచ్చాక, కొత్త ప్రోగ్రాము మర్యాదగా అడిగింది: మీ పాత ఫైళ్లు కొత్త పద్ధతిలోకి మార్చమంటారా అని. బావగారు అన్నింటికీ కలిపి ఒకేసారి సరే అన్నారు.

మర్నాడు ఆపా, నేను గుడివాడ వెళ్లాం. ప్రదర్శనవాళ్లు సైటు చూసే రోజు దగ్గర పడింది. చివరి మెరుగులు దిద్దుదామని కూర్చున్నాం. ఆపా బట్ట మీద నొక్కింది. నల్లగీతలు పడలేదు. నెమలి తల ఒక మూల, తోక ఒక మూల తేలాయి. తెలుగు అక్షరాలు రాసిన చోటల్లా నెత్తిన గీతలు, చుక్కలతో టోపీలు పెట్టుకున్నట్టున్న ఇంగ్లీషు అక్షరాలు వరసగా నిలబడి మమ్మల్ని చూశాయి. ఆపా పొరలు వేసుకున్న చిన్న ప్రోగ్రాము ఒకటుండేది, చిన్న కంపెనీదే. అలాంటిదే పెద్ద కంపెనీకి ముందునుంచీ ఉంది కాబట్టి దాన్ని కొత్త పెట్టెలోంచి తీసేశారట. పొరలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి చదునైపోయాయి. దాచుకున్న పాత సీడీల్లోంచి తీద్దామంటే, ఆ ఫైళ్లు తెరవాల్సిన పాత ప్రోగ్రాము మళ్లీ ఎక్కించడానికి కంపెనీ అనుమతి అడిగింది. ఆ పేరుతో కంపెనీయే లేదు.

హెల్ప్‌లైన్‌కు నేనే ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం విన్నాక ఒకాయన పలికాడు. మా మాటలు ఇంగ్లీషులో సాగినా, సారాంశం ఇది.

‘‘ఆ ప్రొడక్టు మాది కాదండీ, వాళ్లది.’’

‘‘వాళ్లను మీరు కొనేశారు కదండీ!’’

‘‘కొన్నామండీ. కానీ పాత కస్టమర్లను వాళ్లే చూసుకుంటారు. వాళ్ల నంబరు ఇస్తాను, రాసుకోండి.’’

ఆ నంబరుకు చేశాను. అదే సంగీతం. తీరా చూస్తే అదే గొంతు.

‘‘ఇందాక మాట్లాడింది మీరే కదండీ?’’ అన్నాను.

‘‘అవునండీ. రెండు లైన్లూ ఇప్పుడు ఇక్కడికే వస్తున్నాయి’’ అని, మీ పాత లైసెన్సు కొత్తదాంట్లో కలిసిపోయింది కాబట్టి పాతది వాడే హక్కు మీకు లేదని ఎంతో మృదువుగా చెప్పి, తన సేవకు మార్కులు వేయమన్నాడు. వేశాను. ఎన్ని వేశానో ఇక్కడ చెప్పక్కర్లేదు.

బావగారు పక్కనే నిలబడి, ‘‘ఫర్వాలేదమ్మా, నెమ్మదిగా సెట్ అవుతుంది. ఎలాగూ కొత్త వెర్షన్ బాగా ఫాస్టు’’ అన్నారు. ఆపా ఆయన వైపు తిరిగింది. ఆమె గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు, అప్పుడూ పెంచలేదు. ‘‘నా వేసవి మొత్తం దాంట్లో ఉంది అన్నయ్యగారూ. ఒక్క మాట అడగాలనిపించలేదా మీకు?’’ అంది.  ఆపా బ్యాగు తగిలించుకుని మెట్లు దిగిపోయింది. బస్సులో నా పక్కన కూర్చుందే గానీ బందరు వచ్చేదాకా కిటికీ వైపునుంచి ముఖం తిప్పలేదు. దిగాక, ‘‘నేనింక రాను చెల్లీ. గోడౌనుకే ఇచ్చేయమంటాను’’ అని వెళ్లిపోయింది.

ఆ రోజు నాకు పట్టిన కోపం ఎవరిమీదో నాకే స్పష్టంగా తెలియలేదు. దొంగ కాపీలు వాడిన ఊరంతా హాయిగా ఉంది. వాళ్ల పాత ప్రోగ్రాములు వాళ్ల దగ్గరే ఉన్నాయి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. డబ్బు పోసి కొనుక్కున్న మేమే వీధిన పడ్డాం. ఆ సంగతి తలచుకుంటే ఈ వయసులో కూడా నా చెవులు వేడెక్కుతాయి.

మర్నాడు బావగారు బందరు వచ్చారు. మెడలో సెంటరు కెమెరా వేలాడుతోంది. మా ఇంటికి రాకుండా తిన్నగా షెడ్డుకు వెళ్లారని తెలిసి నేనూ పరుగెత్తాను. వెళ్లేసరికి ఆపా ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

‘‘తప్పు నాదేనమ్మా. ఆ బొమ్మలు తిరిగి తేలేను. ఇక్కడ నన్నేం చెయ్యమన్నా చేస్తాను’’ అన్నారు.

 ఆపా వెనక తీగల మీద ఆ వారం పని వేలాడుతోంది. ఒక బట్ట కరక్కాయ నీళ్లలోంచి అప్పుడే తీసింది, ఒకటి నల్ల అచ్చు పడింది, ఒకటి ఉడకడానికి సిద్ధంగా ఉంది. వాటివైపు చూసి, విసుగ్గా, ‘‘కెమెరా తెచ్చారుగా, ఈ పనినే ఫొటోలు తీయండి. ఏ పెట్టె అడ్డం పడుతుందో చూద్దాం’’ అంది.

బాబాయిగారికి ఇదేమీ నచ్చలేదు. అచ్చు ఎత్తి ఒక్క క్షణం ఆగమని బావగారు అంటే, ‘‘ఆగితే రంగు ఆరిపోతుంది, ఫొటో కోసమని ఆగుతుందా?’’ అని కసిరారు. చూపు ఆనక వేళ్లతో బట్ట అంచు తడుముకుని, అచ్చు పెట్టి, అరచేత్తో ఒక్క చరుపు చరిచేవారు. ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్న బావగారికి ఆ చరుపు పడ్డప్పుడల్లా నల్లరంగు తుంపర చొక్కా మీద పడేది. కాలువలో బట్ట జాడించే ఫొటో కోసం ఇస్త్రీ ప్యాంటుతో నడుం లోతు దిగారు. బట్ట చేతిలోంచి జారి కొట్టుకుపోతుంటే దాని వెంటపడ్డారు. గట్టు మీద ఆపా పగలబడి నవ్వింది. 

ఉడికించే గంగాళంలోంచి బట్ట పైకి లేచి, పటిక పడిన చోట ఎరుపు తేలిన క్షణాన్ని బావగారే తీశారు. కాస్త వంకరగా వచ్చింది, ఆవిరి అడ్డం పడింది. ఆపా అదే కావాలంది. ఏ కదలికా లేకుండా, కొత్త పెట్టెలోని ఏ విద్యా వాడకుండా, ఒకదాని కింద ఒకటిగా ఫొటోలు, పక్కన రెండేసి వాక్యాలు పెట్టి పేజీ కట్టాను. తెలుగు మాటల్ని ఆపా చేత్తో రాసింది, దాన్ని కూడా ఫొటో తీసి పెట్టాం. ప్రదర్శనలో వాళ్లకు చోటు దొరికింది. గొప్ప చోటేమీ కాదు, వెనక వరసలో. కానీ అక్కడ వచ్చిన ఆర్డర్లతో షెడ్డు ఇంకొన్నేళ్లు నడిచింది. గోడౌను మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బాబాయిగారు పోయాకే దానికి తాళం పడింది.

తర్వాత కొన్నేళ్లకు ఆ కదిలే బొమ్మల పరిజ్ఞానాన్నే అందరూ వదిలేశారు. కోడూరు రొయ్య దూకడం మానేసింది. బావగారు ఇప్పుడు ఆ సంగతి ఎత్తి, ‘‘చూశావా అమ్మాయ్, ఆ రోజు నేను అప్‌గ్రేడ్ చెయ్యబట్టే కదా ఫొటోలు తీశాం. లేకపోతే మీ కష్టమంతా ఈపాటికి గాల్లో కలిసేది’’ అంటుంటారు. ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఆపా గీసిన నెమలి నాకింకా కళ్లలో మెదులుతుంది. అది పోవడం వల్ల ఇంకేదో మిగిలిందని ఎవరైనా లెక్క సరిచేస్తే నేను ఒప్పుకోను. ఆ కంపెనీకి నేను రుణపడి లేను.

అయినా ఒక మాట దాచను. బాబాయిగారు పనిలో ఉండగా ఎవరూ ఎప్పుడూ ఫొటో తీయలేదు. పెళ్లిళ్లలో తీసినవి ఉన్నాయి, టోపీ పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నవి. పనిచేస్తున్న ఆయన ఆ పేజీలో మాత్రమే ఉన్నారు. మొన్న ఆపా మా ఇంటికి వచ్చినప్పుడు ఫోనులో అది తెరిచింది. ఇద్దరం కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాం. అరచెయ్యి పైకి లేచి ఉంది, కింద అచ్చు, దాని కింద నల్లగా మెరుస్తున్న గీత. ఆపా వేలితో తెరను కాస్త పెద్దది చేసింది. మా ఇద్దరికీ జుట్టు నెరిసింది, షెడ్డు కప్పు కూలిపోయింది, కాలువ దారి మార్చుకుంది, ఇన్నేళ్ల కాలం ఇటుగానే నడిచి వెళ్లింది. ఆ గీత మాత్రం ఇంకా ఆరలేదు.