పళ్ళతో విన్న కచేరీ

మా బావమరిది ఒక రాక్ కచేరీని మొదటి నుంచి చివరిదాకా పళ్ళతో విన్నాడు. కాన్వెంటులో అబద్ధమాడితే పడే సిస్టర్ల స్కేలు దెబ్బ ఇంకా గుర్తుంది కాబట్టి కాస్త సవరిస్తాను. మొదటి నుంచి కాదు, మూడో పాట నుంచి. పళ్ళన్నీ వాడివి కూడా కావు, రెండు కట్టించుకున్నవి. మిగతాదంతా నిజం.

వాడు గడియారాలు బాగుచేస్తాడు. మెట్ల కింద కొట్టు. ఇద్దరొస్తే ఒకరు బయట నిలబడాలి. పగలంతా టిక్కుటిక్కులు వినే మనిషి, సెలవు దొరికితే చాలు, గుండెలదిరే చోటికి పోయేవాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే బృందం, అదే చోటు: వేదిక ముందు ఇనుప కంచెను ఆనుకుని, ఎడమ స్పీకరు కింద.

"ఇంట్లో కాళ్ళు చాపుకుని రికార్డు వినొచ్చుగా?" అన్నానొకసారి.

"రికార్డులో డ్రమ్ములవాడు ఎప్పుడూ తప్పడు బావా. ఎదురుగా అయితే రెండో పాటకే ఉత్సాహం పట్టలేక పరిగెడతాడు. వాణ్ణి అందుకోడానికి మిగతావాళ్ళు పడే పాట్లు చూడాలి! అందుకే వెళ్తాను."

గడియారం అర నిమిషం ముందుకు పోతే ఊరుకోని మనిషి అనే మాటేనా ఇది!

వినీ వినీ చెవులు మొరాయించాయి. ఇంకొక్కసారి ఆ మోత పడితే గడియారం చప్పుడు కూడా వినబడదని డాక్టరు తేల్చేశాడు. సరిగ్గా ఆ నెలలోనే ఆ బృందం తన చివరి కచేరీ ప్రకటించింది. వెళ్తే కొట్టు మూతపడుతుంది. వెళ్ళకపోతే మనిషి మంచం పట్టేలా ఉన్నాడు.

వాళ్ళావిడే తీర్పు చెప్పింది. "వెళ్ళండి. చెవుల్లో మైనం, దానిమీద దూది, ఆపైన మఫ్లరు. నేను ఇటుపక్క నిలబడతా. అన్నయ్యగారూ, మీరు అటుపక్క."

రెండు పాటలదాకా వాడు మూగ సినిమా చూస్తున్నట్టు దిగాలుగా నిలబడ్డాడు. కొట్లో వాడికో అలవాటుంది. గడియారం మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని పళ్ళతో పట్టుకుంటాడు. దాని నడక ఎముకల్లోకి వస్తుందట. మూడో పాట మొదలవగానే వంగి, ఎదురుగా ఉన్న ఇనుప కంచెను కొరికి పట్టుకున్నాడు.

మొహం వెలిగిపోయింది. మూర్ఛ అనుకుని కాపలావాడు పరిగెత్తుకొచ్చి దవడ పట్టుకున్నాడు.

"వదలవయ్యా, పాట వింటున్నారు!" అని అరిచింది వాళ్ళావిడ.

"నోటితోనా అమ్మా?"

"ఏం చేస్తారు మరి, చెవులు డాక్టరు మూయించాడుగా!"

ఈ గోలకు వేదిక మీద పాట ఆగింది. మా బావమరిది తలెత్తి డ్రమ్ములవాణ్ణి కసిరాడు. "ఆపావేం? బ్రహ్మాండంగా పరిగెడుతున్నావుగా!"

మర్నాడు పొద్దున్నే కొట్టు తెరిచి, ఓ పాత చేతి గడియారం చెవికి ఆనించుకున్నాడు. మేమిద్దరం గుమ్మంలో ఊపిరి బిగబట్టాం.

"నీరసంగా నడుస్తోంది. నూనె వెయ్యాలి," అన్నాడు. వాళ్ళావిడ కళ్ళు తుడుచుకుంది.

ఇదంతా రాసి వాడికి చదివి వినిపించాను. చివరిదాకా విని, కంటికున్న భూతద్దం తీశాడు.

"నేను ఏ కంచెనీ కొరకలేదు. అసలు ఆ కచేరీకే పోలేదు. ఆ రోజంతా ఇంట్లో జ్వరంతో పడుకున్నాను. ఇందులో ఒక్క ముక్క నిజం లేదు బావా."