నీళ్ల ముల్లు, ఆయిల్ ముల్లు

నా చిన్నప్పుడు మా చిన్నాయనంత అనుమానం మనిషి శంషాబాద్ చుట్టుపక్కల ఇంకొకడు ఉండేవాడు కాదు. పెట్రోలు బంకులో మీటరు సున్నా చూపించినా మళ్లీ చూపించమనేవాడు. కారు కడిగినవాళ్ల వెనకే తిరిగి టైర్లు తడిమి చూసేవాడు. అనుమానమంతా ఆ కారు గురించే. మా చేను ఎయిర్‌పోర్టు కింద పోయాక, తన వాటాకు వచ్చిన డబ్బంతా పెట్టి ఎవరో వాడిన రేసు కారు కొన్నాడు. నేలకు ఆనుకున్నట్టుండే రెండు తలుపుల బండి. ఊరు నవ్వింది. మా నాయనమ్మ మాత్రం నవ్వలేదు, కొడుకుతో మాట్లాడటమే మానేసింది.

ఆ కారులో స్టీరింగు పక్కన ఆయన అదనంగా పెట్టించుకున్న మీటర్లు రెండుండేవి. ఒకటి ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల వేడి చూపేది, రెండోది ఇంజన్ ఆయిల్ వేడి. ఆయిల్ కాగేదాకా బండిని గట్టిగా తొక్కేవాడు కాదు. నన్ను వెనక కూర్చోబెట్టి ఆ మీటర్ల ముళ్ల మీద కన్నేసి ఉంచమనేవాడు, నేను చెప్పాక మళ్లీ తానే చూసుకునేవాడు. నాకు ఒళ్లు మండేది. నమ్మనప్పుడు నన్నడగడం దేనికి?

ఒక ఎండాకాలం తుక్కుగూడలో ఉండే మా మేనత్త కాలు విరిగింది. నాన్న ఊళ్లో లేడు. వేరే దారిలేక నాయనమ్మ ఆ కారెక్కింది. ఈ ఒక్కసారి సుఖంగా దింపితే కన్న అవ్వ మళ్లీ మాట్లాడుతుందేమోనని చిన్నాయన మా అమ్మతో చెప్పుకున్నాడు పాపం. నాయనమ్మేమో ముందు సీట్లో కూర్చుని కూడా వెనక్కి తిరిగి నాతోనే అంది.

"నడిమిట్ల ఆగుతదేమో అడుగు మీ చిన్నాయనను."

"ఆగదని చెప్పు బిడ్డా," అన్నాడాయన.

కొత్తగా వేసిన ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక కొంతసేపటికి నీళ్ల ముల్లు రోజూ ఉండే చోటు దాటింది. చిన్నాయన వేగం తగ్గించి ఏసీ కట్టేశాడు. నాయనమ్మ కొంగుతో విసురుకుంటూ ఆయనను ఓరగా చూసింది. అంతలో ముల్లు ఉన్నట్టుండి కిందికి జారింది. "చిన్నాయనా, సల్లబడ్డది!" అని నేను గట్టిగా అరిచాను. హమ్మయ్య, పరువు దక్కింది అనుకున్నాను.

ఆయన ముఖం మాత్రం పాలిపోయింది. రెండో మీటరు వంక చూసి, బండిని పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు.

నాయనమ్మకు కోపం ఆగలేదు. "పిల్ల సల్లబడ్డదంటుంటే ఎందుకాపినవ్‌రా? ఏం దాస్తున్నవ్?"

"దాస్తలేనవ్వా. నీళ్లు కారిపోయినట్టున్నయ్. నీళ్లే లేకుంటే ఆ ముల్లు దేని వేడి చూపాలె? ఆయిల్ ముల్లు చూడు, ఎక్కుతనే ఉన్నది. ఇంక జరంత దూరం పోతే ఇంజన్ పట్టేసి పనికిరాకుండ పోతది. ఇగ నాకేం మిగలదు."

ఆమె నమ్మలేదు. దిగి, మోకాళ్లు పట్టుకుని వంగి బండి కింద చూసింది. చిట్లిన పైపు నుంచి ఇంజన్ నీళ్ల ఆఖరి చుక్కలు ఆకుపచ్చగా రాలుతున్నాయి. చాలాసేపు అలాగే చూసింది. తర్వాత తన నీళ్ల సీసా కొడుకు చేతికిచ్చింది.

"ముందు నువ్వు తాగు. మా ముందట ఇజ్జత్ పోతదని చూడక ఆపినవ్. మంచిగ చేసినవ్ కొడుకా."

చిన్నాయన రోడ్డు పక్కనే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన స్నేహితుడు పైపు తెచ్చి వేశాక బండి బాగైంది, ఇంజన్‌కేమీ కాలేదు. నాయనమ్మ మాత్రం మళ్లీ ఆ కారెక్కితే ఒట్టు.

నేను పెద్దయ్యాక చిన్నాయన నాకు రోజూ ఫోన్ చేసేవాడు. మోకాళ్ల నొప్పి, నిద్ర పట్టదు, కూరలో ఉప్పెక్కువైంది, ఒకటే సణుగుడు. ఒక పొద్దున మాత్రం, "ఏం లేదు బిడ్డా, అంత మంచిగనే ఉన్నది," అన్నాడు. సంతోషించక ఏడుపు ముఖమెందుకన్నారు మావారు. నాకు ఆనాడు ఉన్నట్టుండి జారిన నీళ్ల ముల్లు గుర్తొచ్చింది. వెంటనే బయల్దేరాను. వెళ్లేసరికి కుర్చీలో చెమటలు కారుతూ, మాట రాకుండా కూర్చుని ఉన్నాడు. దవాఖానకు సమయానికి చేర్చాం, బతికాడు.

ఇప్పటికీ నా వాళ్లెవరైనా ఉన్నట్టుండి అంతా బాగుందంటే, ఫోన్ పెట్టేసి చెప్పులేసుకుంటాను.