నీలం గౌను, ఎర్ర కోట్లు

మొన్న ఏదో బడివాళ్ళు నాటకానికని పన్నెండు ఎర్ర కోట్లు కుట్టమని ఖైతాన్‌లోని మా దుకాణంలో బట్ట దించి పోయారు. ముతక ఉన్ని బట్ట. దాని మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించానో లేదో, వానకు తడిసిన గొర్రెల వాసన గుప్పున లేచింది. దాంతోబాటే పాతికేళ్ళుగా నేను చల్లారనివ్వని కోపమూ లేచింది. కోపం వస్తే చెయ్యి వణుకుతుందంటారు గానీ, నాకు మాత్రం కుట్టు ఇంకా తిన్నగా పడుతుంది.

మా నాయన కడప నుంచి ఈ అరబ్బుల దేశానికి వచ్చిన దర్జీ. ఇదే ఖైతాన్‌లో కింద దుకాణం, పైన రెండు గదుల ఇల్లు, మెట్ల నిండా మిషను నూనె వాసన, ఎండాకాలం దుమ్ముగాలి లేస్తే కిటికీ సందుల్లో కుక్కడానికి గోనెగుడ్డలు కాక నాయన కత్తిరించిపారేసిన సూటుపీలికలు, ఆడుకోవడానికి బిస్కెట్ల డబ్బా నిండా రంగురంగుల గుండీలు. గుండీలను నేల మీద పరిచి, ఒకదాన్ని ఎగరేసి అది కిందపడేలోగా మిగతావి ఏరుకోవడం మా ఆట. ఉగాదికి ఊరి నుంచి ఎండబెట్టి పంపిన వేపపువ్వు, అమ్మ చేసే ఓళిగలు, శుక్రవారం పొద్దున బొరుగుల ఉగ్గాని, దాంట్లోకి మిరపకాయ బజ్జీలు. శుక్రవారమంటే నాకు సెలవని కాదు, అత్త వస్తుందని ఇష్టం.

అత్త పేరు సుబ్బరత్న, నాయనకు ఒక్కతే చెల్లెలు. ఎగైలాలో ఒక పెద్దింట్లో పనిచేసేది. ఇక్కడ పనిచేసేవాళ్ళు ఇంటి యజమానురాలిని మామా అంటారు, కాబట్టి మేమూ ఆమెను మామా అనే అనేవాళ్ళం. నాయన దుకాణం లైసెన్సు మామా భర్త పేరు మీదే ఉండేది. ఆయనే మా కఫీల్, ఆయన సరేనంటేనే మాకు ఇక్కడ ఉండటానికి ఇఖామా కాగితం, వద్దంటే మూటాముల్లె సర్దుకోవడమే. అందుకే నాయన ఆ ఇంటి పేరెత్తితే చాలు, మెడలోని టేపు సర్దుకుని నిలబడేవాడు. చిన్నప్పుడు అది మర్యాద అనుకున్నాను.

నాకు పదేళ్ళప్పుడు మామా కూతురు దలాల్ తన బడిలో ఒక నాటకం వేయబోయింది. సముద్రం అవతలున్న రాజు చేతికింద అమెరికా ఉన్న రోజులు, ఇక తిరగబడటమే తరువాయి అన్న సమయం. రాజుగారి మనిషి అయిన ఒక వ్యాపారి కూతురు, తిరుగుబాటువాళ్ళలో ఒకణ్ణి ప్రేమిస్తుంది. చివర్లో ఎర్రకోట్ల సిపాయిలను వెంటేసుకుని తండ్రే వచ్చి, వాడెక్కడ అని అడుగుతాడు. ఆ పిల్ల తలుపుకు అడ్డంగా రెండు చేతులూ చాపి, ఇక్కడ లేడు అంటుంది. ఆ పిల్ల వేషం దలాల్‌ది; ఆమె నీలం గౌనూ, సిపాయిల ఉన్ని కోట్లూ కుట్టేది నాయన. ఇంట్లో మాటలు వల్లె వేసుకునేటప్పుడు ఎదురుగా ప్రియుడిలా నిలబడటం అత్త పని. కథంతా అత్తే నాకు చెప్పింది.

"నాకేం నచ్చిందో తెల్సునా మే? కన్న నాయన అడిగినా సరే, ఈడ లేడు అంటాది సూడు, అది" అనేది.

ఎందుకు నచ్చిందో నాకొక్కదానికే తెలుసు. ఆ ఇంటి డ్రైవరు మహబూబ్‌ది రాయచోటి. కారు తుడుస్తూ అతను, బట్టలు ఆరేస్తూ ఈమె, మాట్లాడుకున్నవన్నీ మన ఊళ్ళ మాటలే. పెళ్ళి చేసుకుంటాం, పని మారడానికి కాగితమివ్వండి అని అత్త అడిగితే, మామా ఖలాస్ అని ఒక్క మాటతో తేల్చేసింది. ఆ శుక్రవారం మా ఇంటికి వచ్చిన అత్త మళ్ళీ ఎగైలాకు పోలేదు. మా వెనక వీధిలోనే తెలిసినామె గదిలో దాక్కుంది. ఆదివారం మహబూబ్ వచ్చి ఎంబసీకి తీసుకుపోవాలి. ఈలోగా అన్నం గిన్నె మోసేది నేను.

శనివారం మధ్యాహ్నం మామా, అత్త ఎక్కడని నాయనకు ఫోన్ చేసింది. ఆయన ఏమీ అరవలేదు. నన్ను మిషను పక్కన కూర్చోబెట్టుకుని, దలాల్ గౌనుకు తెచ్చిన నీలం పట్టులో మిగిలిన ముక్క చేతిలో పెట్టాడు. అంత మెత్తటి బట్ట నేనెప్పుడూ ముట్టుకోలేదు.

"మీ అత్త యాడుందో నీకు తెల్సు. నా చెల్లెలే గదమ్మా, కోసుకొని తింటానా? మాట్లాడి వస్తా, అంతే."

నాయన మీద నాకు ప్రాణం. చెప్పేశాను. ఏ అంతస్తో, ఏ తలుపో, ఎన్నిసార్లు తట్టాలో కూడా చెప్పాను.

నాయన మాట్లాడటానికి పోలేదు. మామాకు ఫోన్ చేశాడు. మామా భర్త మనుషులు వచ్చి అత్తను కారెక్కించారు. రెండు రోజులకే విమానం. మహబూబ్‌నూ పంపించేశారు, ఊళ్ళో అతనికి ఇంకెవరితోనో పెళ్ళి చేశారట. అత్త విమానం దిగింది గానీ ఇంటికి పోలేదు. ఎక్కడుందో, ఉందో లేదో ఎవరికీ తెలియలేదు. అమ్మ నెలరోజులు నాయనతో మాట్లాడలేదు. గౌను కొలత సరిచూసుకోవడానికి వచ్చినప్పుడు, అత్త కోసం నాతోబాటు ఏడ్చింది దలాల్ ఒక్కతే.

నేను ఏడ్చి ఊరుకోలేదు. నీలం గౌను తయారై కొక్కేనికి వేలాడుతోంది. నాయన నమాజు వేళకు దుకాణం మూసి పైకొచ్చి కునుకు తీస్తుంటే, కిందికి దిగి గౌను వీపు మీది మిషను కుట్టంతా బ్లేడుతో విప్పేశాను. దాని బదులు, కొలత చూసుకోవడానికి వేసే పొడుగాటి కచ్చా కుట్టు నా చేత్తో వేశాను. మెల్లగా నడిస్తే ఆగుతుంది. రెండు చేతులూ చాపితే ఆగదు. నాయన పేరు గంగలో కలవాలి, మామా తల దించుకోవాలి, నాకు కావలసింది అదే.

అనుకున్నట్టే అయింది. గౌను తొడగడంలో సాయానికని నాయన వెంట బడికి పోయి, తెర పక్కనుంచి చూశాను. సిపాయిలొచ్చారు, దలాల్ చేతులు చాపింది, వీపు పర్రుమని చీలి గౌను భుజాల మీంచి జారింది. హాలంతా నవ్వు. కడుపు నిండినట్టయింది నాకు. అయితే దలాల్ చేతులు దించలేదు. కళ్ళనీళ్ళు కారుతూనే, ఇక్కడ లేడు అని గట్టిగా అంది. పట్టుముక్కకు కరిగిపోయి నేను అనలేని మాట. ఆ పిల్లకు చేసినదానికి నాకిప్పటికీ సిగ్గే. నాయనకు చేసినదానికి లేదు.

మామా వారం తిరక్కుండా లైసెన్సు లాగేసుకుంది. ఇన్నేళ్ళ ఒద్దికకు ఆయనకు దక్కింది అది. చినిగిన గౌను తిరిగొచ్చినప్పుడు నాయన దారం ముడిని వేలితో తడిమి చూశాడు.

"కుట్టు నీదే కదమ్మే" అన్నాడు.

అవునన్నాను. నాయన తర్వాత అహ్మదిలో ఎవరి దగ్గరో యూనిఫారాలు కుట్టి, చివరికి ఊరు చేరాడు; నేను ఇక్కడే ఉండిపోయి ఈ దుకాణంలో కుదురుకున్నాను.

మెట్లకు నూనె వాసన పట్టిన ఆ కట్టడాన్ని ఎప్పుడో పడగొట్టారు. గుండీల డబ్బా ఏ ఇల్లు మారేటప్పుడు పోయిందో తెలియదు. మహబూబ్ లేడు, దలాల్ ఏ దేశంలో ఉందో, అమ్మతోబాటే ఆ ఓళిగలూ పోయాయి. నాయన మాత్రం ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు. బాగోగులయ్యాక, గొంతు తగ్గించి అదే ప్రశ్న అడుగుతాడు.

నిన్నా అడిగాడు. "మీ అత్త యాడుందో ఏమన్నా తెల్సిందా అమ్మా? పోయేలోపల ఒక్కసారి సూడాలని ఉంది."

అయిదేళ్ళ కిందట కొత్త వీసా మీద వచ్చి, బస్సులో నా ఎదురు సీట్లో కూర్చుని, నా ముఖం చూసి నన్ను గుర్తుపట్టిన అత్త, నా పక్క మిషను మీద ఎర్ర కోట్లకు గుండీలు కుడుతోంది. తల నెరిసింది, పెళ్ళి చేసుకోలేదు. నా మోచెయ్యి పట్టుకుంది.

"చెప్పు మే. ముసిలోడైపోయినాడు."

ఆమె క్షమించిందేమో, అది ఆమె ఇష్టం. పదేళ్ళ పిల్ల నోటినుంచి నాయన మాట లాగింది నా దగ్గర, దాన్ని క్షమించాల్సింది నేను.

"ఈడ లేదు నాయనా" అన్నాను.